జానా బెత్తెడు చాంబర్

ఇంజిను అడుగున నూనె నిలవ ఉండే రేకు తొట్టిని మా వైపు చాంబర్ అంటారు. పుస్తకాల్లో సంప్ అని ఉంటుంది, కొన్నిటిలో ఆయిల్ పాన్ అని. ఈ మూడు పేర్లూ నాకు తెలుసునన్న ధీమాతోనే నేను ఒక చలికాలం సగం తప్పు చాంబర్ వెతుక్కుంటూ తిరిగాను.

నేను గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్లు చూసుకుంటాను. రైతులు తెచ్చిన మిర్చి టిక్కీలు, అంటే కాళ్ళతో తొక్కి నింపి కుట్టిన గోనె బస్తాలు, మంచి ధర వచ్చేదాకా మా చల్లటి గదుల్లో నిద్రపోతాయి. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. తరువాత చదివిందంతా గ్రంథాలయంలోనే. షిఫ్టు దిగి, ఒంటికి పట్టిన మిర్చి ఘాటు పోయేలా స్నానం చేసి, సైకిలు మీద అక్కడికి వెళ్ళేవాణ్ణి. మొదట పత్రికలు, తరువాత తెలుగులో ఉన్న సాంకేతిక పుస్తకాలు, అవి అయిపోయాక ఇంగ్లీషువి. పక్కన నిఘంటువు తెరిచి పెట్టుకుని రోజుకు ఒక పేజీ చదివిన కాలం ఉంది. అమ్మోనియా ఎందుకు చల్లబరుస్తుందో మా ప్లాంటులో పనిచేసేవాళ్ళలో నేనొక్కణ్ణే పూర్తిగా చెప్పగలను. ఈ సంగతి చెప్పుకోవడం నాకిష్టం.

కారు మా మామగారిది. ఆయన ముప్పై ఏళ్ళకు పైగా టాక్సీ నడిపారు. ఒకప్పుడు ప్రతి టాక్సీ స్టాండులోనూ వరసగా నిలబడి కనిపించిన గుండ్రటి తెల్ల కారే, డీజిలుది. కొన్న రోజున ఆయన దాన్ని తిన్నగా చర్చికి తీసుకెళ్ళారట. అప్పటి అయ్యగారు, అంటే పాస్టరుగారు, బానెట్ ఎత్తించి, ఇంజిను మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారట. అత్తయ్యగారు స్త్రీల కూటంలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ ఈ సంగతి వచ్చి తీరేది. “ఆ చెయ్యి పడ్డ ఇంజినమ్మా అది. ఇన్నేళ్ళలో ఒక్కసారి విప్పింది లేదు” అనేవారు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళందరికీ తరువాతి మాట కూడా తెలుసు. అయినా కళ్ళు మూసుకుని వినేవారు.

మామగారికి రాత్రిళ్ళు చూపు ఆనక టాక్సీ మానేశాక కూడా కారు ఇంట్లో మనిషిలాగే ఉండేది. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం మేమంతా దానిలో వస్తుంటే, ఊరి మొదట్లో కొత్తగా పోసిన స్పీడ్ బ్రేకరు కింద తగిలింది. చప్పుడు పెద్దదేం కాదు. మామగారు మాత్రం ఆ క్షణమే ఇంజిను ఆపేసి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. ఇల్లు కనబడుతూనే ఉంది.

“రెండు నిమిషాల దారి నాన్నా, మెల్లగా పోనీ” అంది మా ఆవిడ.

“రెండు నిమిషాలు కాదు, రెండు అడుగులు కూడా పోనివ్వను. ట్రాక్టరును పిలవండి.”

అంత పట్టుదల దేనికో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ కారును మా కోల్డ్ స్టోరేజీ వెనకున్న ఖాళీ షెడ్డులో పెట్టించి, బాగుచేసే పని నేను తలకెత్తుకున్నాను. మెకానిక్కును పిలుద్దామంటే నేనే వద్దన్నాను. గ్రంథాలయంలో ఆ కారు మరమ్మతుల పుస్తకం ఒకటి దొరికింది. బొమ్మలున్న పేజీలన్నీ జిరాక్సు తీయించి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఒక ఫైలు తయారుచేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక భోంచేసి షెడ్డుకు వెళ్ళేవాళ్ళం. మామగారు స్టూలు మీద కూర్చునేవారు, నేను కారు కింద దూరేవాణ్ణి. ఏడాదిన్నరలో బ్రేకులు, వైరింగు, రేడియేటరు, తుప్పు పట్టిన అడుగు రేకులు అన్నీ బాగుపడ్డాయి. ఇంజిను మాట ఎత్తితే మాత్రం ఆయన అడ్డం వచ్చేవారు.

“అదొక్కటీ బాగుంది అల్లుడుగారూ. దాని జోలికి వెళ్ళకండి. చాంబర్ ఒక్కటి మార్చండి చాలు.”

ఇంజినుకు ఆయన ఎప్పుడో దట్టంగా ఆకుపచ్చ రంగు వేశారు. ఒకటి కాదు, నాలుగైదు పూతలు. ఏ అక్షరమూ, ఏ అంకే కనబడదు. శుభ్రత కోసమే వేశారనుకున్నాను.

ఒకరోజు చాంబర్ విప్పి కడుగుతూ ఆయనకు నూనె పొర గురించి చెప్పాను. ఇరుసుకీ దాన్ని పట్టుకున్న లోహానికీ మధ్య వెంట్రుక కన్నా పల్చటి నూనె పొర ఉంటుందనీ, అంత బరువైన ఇరుసు లోహాన్ని తాకకుండా ఆ పొర మీద తేలుతూ తిరుగుతుందనీ. అది చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు, అంత అందంగా అనిపించింది.

ఆయన అంతా విని, “ఆ పొర ఆరిపోతే ఏమవుద్దో మీ పుస్తకంలో రాశారా?” అని అడిగారు.

“ఇంజిను పట్టేస్తుందండి.”

“అంతేనా రాసింది?” అన్నారు.

విప్పిన చాంబర్ కడుపు చుట్టూ ఒక వెల్డింగు అతుకు ఉంది. ఏదో పాత మరమ్మతు అనుకున్నాను. దాని వెంబడే చీలిపోయింది. వెల్డరుకు చూపిస్తే గోటితో గీకి, “రేకు అప్పడమైపోయింది సార్. ఇక్కడ అతికితే పక్కన చిల్లు పడుద్ది. వేరేది చూసుకోండి” అన్నాడు.

అప్పటికి సంక్రాంతి దాటింది. పొలాల్లో మిరప కోతలు మొదలయ్యాయి. మా యజమాని ఒకరోజు షెడ్డులోకి వచ్చి కారు చుట్టూ తిరిగి, “కొత్త టిక్కీలు రావడం మొదలైతే ఈ షెడ్డు కావాలయ్యా. రైతులు బస్తాలు ఎక్కడ దించుకుంటారు? ఈలోపు తీసేయ్. తీయలేకపోతే పాత ఇనుము వాణ్ణి నేనే పిలుస్తా” అన్నారు. మంచి మనిషే. ఏడాదిన్నర ఏమీ అనలేదు.

మా సందులో కారు పట్టదు. ఇంతకు ముందు దాన్ని నిలిపిన ఖాళీ స్థలంలో ఇప్పుడు ఇల్లు లేచింది. ఇక మిగిలింది చర్చి ఆవరణ. సంఘ పెద్దలను అడిగితే, నడిచే బండి అయితే పెట్టుకోవచ్చన్నారు, ఆదివారం పూట నడవలేని ముసలివాళ్ళను ఎక్కించుకు రావాలన్న షరతు మీద. నడవని బండిని మాత్రం అక్కడ పెట్టనివ్వమన్నారు. అంటే మొదటి టిక్కీ మా గేటు దాటేలోపు కారు తనంతట తాను కదలాలి, లేదా తూకానికి వెళ్ళాలి.

“వెళ్తే వెళ్ళనివ్వండి. ఇనుమే గదా” అన్నారు మామగారు. ఆ మాట అంటూనే జేబురుమాలు తీసి, హెడ్‌లైటు అద్దం మీద దుమ్ము తుడిచారు.

మొదట గుంటూరులోనే విడిభాగాల కొట్లు తిరిగాను. ఫైలు ఉండగా విప్పిన చాంబర్ మోసుకెళ్ళడం దేనికనుకున్నాను. నా ఫైలు తెరిచి బొమ్మ చూపించి, కారు రకం, కొన్న సంవత్సరం చెప్పాను. కొట్టతను మేడ మీది గోడౌనులోంచి ఒక చాంబర్ తెచ్చి దుమ్ము దులిపి ఇచ్చాడు. బొమ్మలో ఉన్నట్టే ఉంది. ఇంటికి కూడా వెళ్ళకుండా షెడ్డుకే తెచ్చి బిగించబోతే, మూలల్లో రెండు బోల్టులు ఎక్కాయి. మిగిలినవాటిలో ఒక్క రంధ్రమూ కలవలేదు.

“రేకు వంగిందేమో చూడండి” అన్నారు మామగారు స్టూలు మీద నుంచి.

రేకు వంగలేదు. ఆ సాయంత్రం పుస్తకం మళ్ళీ తిరగేస్తే అడుగున సన్నటి అక్షరాల్లో ఒక గమనిక కనబడింది. అంతకు ముందు తయారైన ఇంజిన్లకు చాంబర్ అంచు వేరుగా ఉండేదట. అది పట్టుకున్నందుకు నాకు ఎంత సంబరమో! మరునాడు పొద్దున్నే మామగారికి చదివి వినిపించాను. “మీ కారుకి పాత సరుకు ఇంజిను పెట్టి అమ్మేసి ఉంటారండి” అని తేల్చి చెప్పాను. ఆయన, “అయ్యుండచ్చు” అన్నారు.

పాత చాంబర్లు దాచేపల్లి వైపు దొరుకుతాయని ఎవరో చెప్పారు. సిమెంటు ఫ్యాక్టరీలకు సున్నపురాయి మోసే లారీలు తిరిగే దారి, పాత ఇనుము కొట్లు వరసగా ఉంటాయి. బైకు మీద బయలుదేరుతుంటే మామగారు చొక్కా వేసుకుని వచ్చి వెనక కూర్చున్నారు. వద్దన్నా వినలేదు. దారిలో చెట్ల ఆకులన్నీ తెల్లటి దుమ్ముతో సున్నం కొట్టినట్టు ఉన్నాయి. చేరేసరికి మా ఇద్దరి కనుబొమలూ అలాగే అయ్యాయి.

కొట్టాయన పాత బస్సు సీటు ఒకటి నేల మీద వేసుకుని దాని మీద కూర్చుని ఉన్నాడు. నేను ఫైలు తెరవగానే చేత్తో ఆపాడు.

“ఇదేందన్నా, పరీక్ష రాయబోతున్నావా?”

“కాదండి, ఈ బొమ్మలో ఉన్న చాంబర్...”

“నీ ఇంజిను ఈ బుక్కు చదువుకుని పుట్టిందా? నా దగ్గర నాలుగు రకాలున్నై. నువ్వు ఏ పేరు చెబితే ఆ పేరుతో ఒకటి ఇస్తా. రేపు అది ఎక్కకపోతే నా మీదకే వస్తావు. అట్ట కొట్టుకురా. అట్టకి పేరుండదు, మోడలుండదు. రంధ్రం రంధ్రం మీద పడితే నీది, లేకపోతే కాదు.” తరువాత నా వెనక నిలబడ్డ మామగారిని చూశాడు. “పెద్దాయనా, నువ్వు డ్రైవరువే గదా, చేతులు చూస్తే తెలుస్తా ఉంది. నువ్వయినా చెప్పలేదా ఈయనకి?”

మామగారు వినిపించనట్టు, “ఇక్కడ మంచి టీ ఎక్కడ దొరుకుద్ది?” అని అటు తిరిగారు.

అట్ట కొట్టడం చాలా పాత పద్ధతి. చాంబరుకీ ఇంజినుకీ మధ్య నూనె కారకుండా వేసే ప్యాకింగును మా వైపు మెకానిక్కులు కొనరు, అక్కడికక్కడే చేసుకుంటారు. మందపాటి అట్టను ఇంజిను అంచుకు ఆనించి, చిన్న సుత్తితో అంచు వెంబడి తడుతూ పోతారు. లోహపు అంచే అట్టను కోస్తుంది. రంధ్రం ఉన్న చోట సుత్తి గుండ్రటి తలతో ఒక్క దెబ్బ వేస్తే బిళ్ళలాంటి ముక్క ఊడి లోపల పడుతుంది. కొలత లేదు, గీత లేదు. ఇంజినే తన బొమ్మ తాను గీసుకుంటుంది. నా ఫైలులో ఈ సంగతి ఎక్కడా లేదు.

మంచి అట్ట కోసం ఇల్లంతా వెతికి, మా ఆవిడ పట్టుచీర డబ్బా మూత పట్టుకుపోతుంటే గుమ్మంలో అడ్డం నిలబడింది.

“ఆ చీర ఇప్పుడు దేంట్లో పెట్టుకోను?”

“మీ నాన్న కారు కోసమే.”

“ఆ కారుకి నా చీర కూడా కట్టండి ఇంక” అంది కాని, దారి ఇచ్చింది.

కారు కింద వెల్లకిలా పడుకుని, మూతను అతికించిన ముక్కలతో పెంచి, అంచు చుట్టూ తట్టాను. బయటికి వచ్చి ఆ అట్టను నా జిరాక్సు బొమ్మ పక్కన పెట్టాను. బోల్టులు లెక్క పెట్టాను. మళ్ళీ లెక్క పెట్టాను. వంపులు వేరు, మూలలు వేరు, బోల్టుల సంఖ్యే వేరు. పాత సరుకు, కొత్త సరుకు అన్న తేడా కాదది. ఆ పుస్తకంలో ఉన్న ఏ ఇంజినుకూ ఈ అంచు లేదు.

మామగారు స్టూలు మీద కూర్చుని తన చెప్పుల వైపు చూసుకుంటున్నారు.

“మామయ్యగారూ, ఇది ఈ కారు ఇంజిను కాదండి.”

“కాదు.”

“మీకు తెలుసా?”

“నేనే గదా మార్పించింది.” తలెత్తి షెడ్డు గుమ్మం వైపు చూశారు, ఎవరైనా వింటున్నారేమోనని. “మీ అత్తయ్యకి చెప్పకండి.”

అప్పుడు చెప్పారు. కారు కొన్న కొన్నేళ్ళకు, దర్శి అవతల ఎవరినో దించి ఒంటరిగా వస్తుంటే, నూనె తగ్గినప్పుడు వెలిగే ఎర్రలైటు వెలిగిందట.

“ఆపాలి. ఏ డ్రైవరుకైనా తెలుసు. నేనూ నలుగురికి చెప్పినోణ్ణే. కాని ఏమనుకున్నానో తెలుసా అల్లుడుగారూ? ప్రార్థన చేసిన ఇంజిను గదా, దీనికి ఏమవుద్దిలే అనుకున్నా. ఆరాధన టైముకి ఇల్లు చేరాలని తొందర. ఇంకో నాలుగు మైళ్ళు పోనిచ్చా. అక్కడ పట్టేసింది. మీరన్న పొర ఉంది గదా, అది ఆరిపోయిన చప్పుడు నేను విన్నా. మీ పుస్తకంలో అది లేదు.”

ఎన్నికల కిరాయికి వెళ్తున్నానని ఇంటికి కబురు పంపి, మూడు వారాలు దర్శిలో ఉండి, ప్రమాదంలో తుక్కయిన ఒక వ్యాను ఇంజిను కొని ఇందులో పెట్టించారట. వ్యాను చాంబర్ కడుపు ముందుకు ఉంటుంది. కారులో సరిగ్గా అక్కడ అడ్డదూలం ఉంటుంది. అందుకని ఒక వెల్డరు ఆ కడుపు కోసి, వెనక్కి జరిపి అతికాడు. నేను పాత మరమ్మతు అనుకున్న అతుకు అదే. అంటే ఆ చాంబర్ ఏ బండిదీ కాదు. రంధ్రాలు వ్యానువి, కడుపు కారుది. అలాంటిది లోకంలో ఇంకోటి ఉండదు.

“మరి నన్ను దాచేపల్లి దాకా ఎందుకు తిప్పారండీ?”

“మీకు చెబితే మీరు అమ్మాయికి చెబుతారు. అమ్మాయి వాళ్ళమ్మకి చెబుద్ది. వచ్చే మంగళవారం కూటంలో ఆమె ఏం సాక్ష్యం చెప్పుకుంటుంది?” చెప్పులు సర్దుకుంటూ, “మీరు అంత సంతోషంగా చదివి చెబుతుంటే కాదనబుద్ధి కాలేదు కూడా” అన్నారు.

కోపం రావలసిన మాటే. నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. ఆ నవ్వులోనే నేను ఆలోచించింది ఒకటే. మా గేటు ముందు ఇవాళో రేపో ట్రాక్టర్లు నిలబడతాయి.

మరునాడు అట్టనూ చీలిన చాంబరునూ గోనెసంచిలో చుట్టి, అద్దంకి మీదుగా దర్శి బస్సు ఎక్కాం. బయలుదేరే ముందు స్టీలు స్కేలుతో ఒక కొలత తీసి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంజిను అంచు నుంచి నూనె పీల్చే జాలీ కొస దాకా ఎంత లోతో. జాలీ చాంబర్ అడుగుకు ఆనకూడదు, మరీ ఎత్తునా ఉండకూడదు. ఇది పుస్తకం నేర్పింది. ఈ ఒక్క సంగతైనా నాతో తీసుకెళ్ళాలనిపించింది.

ఆనాటి వెల్డరు ఇంకా ఉన్నాడు. ముసలివాడయ్యాడు కాని, కొట్టు అదే. ఇప్పుడు ట్రాక్టరు ట్రక్కులు, పొలం పనికి గొర్రులు చేస్తున్నాడట. మామగారిని చూసి ముఖం మీది అద్దం పైకెత్తాడు.

“ఒరేయ్, నువ్వు ఇంకా బతికే ఉన్నావా?”

“నిన్ను చూశాకే పోదామని ఆగా.”

“ఇంటిదానికి చెప్పావా, లేదా?”

“లేదురా.”

“ఇన్నేళ్ళా! నీ కన్నా నీ ఇంజిను నయం రా, అదైనా నూనె కక్కింది.” నా వైపు తిరిగాడు. “ఈ బాబెవరు?”

“అల్లుడుగారు. బాగా చదువుకున్నారు.”

ఆ మాట ఆయన నోట నేను మొదటిసారి విన్నాను. సంచి విప్పుతున్నట్టు తల వంచుకున్నాను.

వెల్డరు చీలిన అతుకు మీద వేలు పోనిచ్చి, “నా చెయ్యే. దీన్ని అతకడం కుదరదు. వ్యాను చాంబర్ కావాలి, కోసి మళ్ళీ చెయ్యాలి. ఆ వ్యాన్లు ఇప్పుడెక్కడున్నై?” అన్నాడు. నాకు మా యజమాని పిలుస్తానన్న పాత ఇనుము వాడి తక్కెడ కళ్ళ ముందు కనబడింది.

ఇంతలో కొలిమిలోంచి ఎర్రగా కాలిన గొర్రు మొన ఒకటి పట్టుకారుతో తీసి, వెల్డరు పక్కనున్న తొట్టిలో ముంచాడు. నల్లటి పొగ లేచింది. తొట్టిలో ఉన్నది నీళ్ళు కాదు, కాలిన ఇంజినాయిలు. నా చూపు తొట్టి అంచు మీద పడింది. మసి కింద వరసగా రంధ్రాలున్నాయి. మూల దగ్గర ఒక వంపు, దాని పక్కన దగ్గర దగ్గరగా రెండు రంధ్రాలు. రాత్రంతా ఆ వంపు చూసి చూసి నాకు కంఠతా వచ్చేసింది. చీర డబ్బా అట్ట తీసి తొట్టి మీద పరిచాను. అట్టలోని ప్రతి రంధ్రం కింద ఒక రంధ్రం ఉంది.

వెల్డరు చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

“ఓరి నీ! ఇది నీ చాంబరే రా. మొదటిది!”

జరిగింది ఇదట. అప్పట్లో చాంబర్ ఎంత లోతు ఉండాలిరా అని అడిగితే, మామగారు కారు కింద చెయ్యి పెట్టి చూసి, “జానా బెత్తెడు” అన్నారు. వెల్డరు తన జానాతో, తన బెత్తెడుతో కొలిచి చేశాడు. వెల్డరువి గొర్రు పట్టిన పెద్ద చేతులు. చాంబర్ రెండు వేళ్ళు కిందికి దిగిపోయింది. రోడ్డు మీద ప్రతి రాయికీ తగులుతుందని పక్కన పడేసి, ఇంకో చాంబర్ తెచ్చి మామగారి చేత్తోనే కొలిపించి మళ్ళీ చేశాడు. పాడైనదాంట్లో ఆయిలు పోసి, అప్పటి నుంచి మొనలు ముంచుకుంటున్నాడు. ఇన్నేళ్ళు నూనెలో నానింది కనుక ఒక్క తుప్పు చుక్క లేదు.

“ఈసారి జానాలు వద్దండి” అని నోటుపుస్తకం తెరిచాను. జాలీ లోతు చెప్పి, అడుగు అక్కడి నుంచి ఎంత కిందికి ఉండాలో చెప్పాను. వెల్డరు స్కేలు చేతిలోకి తీసుకుని, చాంబర్ మీద సుద్దతో గీత గీసి, “రెండు వేళ్ళూ కొయ్యబోయానబ్బాయ్. నువ్వు చెప్పినట్టయితే ఒకటిన్నర చాలు. పాతదాంట్లో జాలీ అడుక్కి ఆనేది, అప్పట్లోనే నాకు అనుమానం” అన్నాడు.

వెల్డరు కోసి, అతికి, పక్కన పెట్టాడు. అది చల్లారాక కారుతుందో లేదో చూసే విధానం చెబుదామనుకున్నాను. అతుకుకు బయట సుద్ద పూసి, లోపల కిరోసిన్ పోస్తే, కంటికి కనబడని చిల్లు ఉన్నా సుద్ద మీద మరక తేలుతుంది. గ్రంథాలయంలో చదివాను. నేను నోరు తెరిచేలోపే వెల్డరు డబ్బాలోంచి తడి సున్నం తీసి అతుకు వెంబడి పూశాడు. అది ఆరాక లోపల కిరోసిన్ పోసి, బీడీ వెలిగించుకోవడానికి దూరంగా వెళ్ళాడు. మేమిద్దరం ఆ తెల్లటి గీత వైపు చూస్తూ కూర్చున్నాం. బీడీ అయిపోయింది. సున్నం తెల్లగానే ఉంది.

తిరుగు బస్సులో చాంబరును ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు చూసి, “ఏం బాబాయ్, పసిపిల్లకి స్నానాల తొట్టా?” అన్నాడు. మామగారు గంభీరంగా, “ఆఁ, మొదటి కాన్పు” అన్నారు.

బిగించిన రోజు పొద్దున్న మా గేటు బయట అప్పటికే మూడు ట్రాక్టర్లు నిలబడి ఉన్నాయి, ట్రక్కుల నిండా కొత్త టిక్కీలు. నూనె పోసి, తాళంచెవి మామగారి చేతికి ఇచ్చాను. నేను కింద పడుకుని చాంబర్ వైపే చూస్తున్నాను. రెండుసార్లు గురగురలాడి, మూడోసారి అందుకుంది. షెడ్డు నిండా పొగ, పైన ఆయన అరుపు.

“లైటు ఆరింది అల్లుడుగారూ! ఎర్రలైటు ఆరిపోయింది!”

కారు తనంతట తాను గేటు దాటింది. ట్రాక్టరు మీది రైతు ఒకాయన దారి ఇస్తూ, “ఏంది పెద్దాయనా, పెళ్ళికా?” అని అరిచాడు. మా యజమాని గదిలోంచి బయటికి వచ్చి నిలబడి చూశారు.

ఆ ఆదివారం చర్చి ఆవరణలో వేపచెట్టు నీడన కారు ఆగింది. ముందు సీట్లో మామగారు, అత్తయ్యగారు, వెనక మా ఆవిడతో పాటు నడవలేని ఇద్దరు పెద్దమ్మలు. నేను బైకు మీద వెనకే చేరాను. ఇప్పటి అయ్యగారు చిన్నవాడు, ఈ మధ్యే వచ్చారు. అత్తయ్యగారు కిటికీలోంచే ఆయనకు చెప్పడం మొదలుపెట్టారు.

“పాత అయ్యగారు చెయ్యి పెట్టి ప్రార్థన చేసిన ఇంజిను బాబూ ఇది. ఇన్నేళ్ళలో ఒక్కసారి...”

“అది ఈ ఇంజిను కాదే” అన్నారు మామగారు.

ఆయన అలా అంటారని నేను అనుకోలేదు. ఆయన కూడా అనుకున్నట్టు లేరు.

“ఏందీ?”

ఎర్రలైటు దగ్గర నుంచి దర్శి దాకా అంతా చెప్పేశారు, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, ఎదురుగా చూస్తూ. అత్తయ్యగారు కదలకుండా విన్నారు.

“అయితే మీ చెల్లెలి పెళ్ళికి ఒంగోలు వెళ్ళింది?”

“ఈ ఇంజినే.”

“పిల్లకి జ్వరమొస్తే వానలో ఆసుపత్రికి వెళ్ళింది?”

“ఇదే.”

“ప్రార్థన లేని ఇంజిను మీద నన్నూ పిల్లనీ కూర్చోబెట్టి ఊళ్ళన్నీ తిప్పావా! దిగుతున్నా నేను.” తలుపు తెరుచుకుని దిగి, నిలబడ్డారు. “అయ్యగారూ, ముందు దీనికి ప్రార్థన చెయ్యండి. అప్పటిదాకా ఎక్కను.”

వెనక సీట్లో పెద్దమ్మలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వాళ్ళూ దిగడానికి కర్రలు వెతుక్కోసాగారు. అయ్యగారు నవ్వు ఆపుకుంటూ, “చెయ్యి ఎక్కడ పెట్టమంటారు?” అన్నారు.

నేను బానెట్ ఎత్తబోయాను. మామగారు నన్ను ఆపి, కిందికి చూపించారు.

“పైన రంగు నేను పూసింది, దాని మీద వద్దండి. కింద చాంబర్ మీద పెట్టండి. అది మా అల్లుడుగారు తెచ్చింది.”

అయ్యగారు తెల్లటి లాల్చీతోనే మోకాళ్ళ మీద కూర్చుని, కారు కిందికి చెయ్యి చాచారు. అందరం తలలు వంచాం. అందరూ కళ్ళు మూసుకున్నారు కాని, నేను మూసుకోలేదు. ఆ చేతినే చూస్తున్నాను. ఆమెన్ అనగానే ఆయన చెయ్యి బయటికి తీసి తిప్పి చూసుకున్నారు. శుభ్రంగా ఉంది. ఒక్క నూనె మరక లేదు.

అత్తయ్యగారు కూడా వంగి ఆ అరచెయ్యి చూశారు. చూసి, కారెక్కి, తలుపు వేసుకుని, మామగారి వైపు తిరిగారు.

“ప్రార్థన అయింది గదా అని మళ్ళీ చూస్తా కూర్చునేవు. ఎర్రలైటు వెలిగితే బండి ఆపు.”